పొడుగు స్టాండు పాలబండి

పిట్టలమెట్టలో తెలివైనవాళ్ళ ఇల్లు ఏదని అడిగితే గవరయ్య ఇల్లు చూపిస్తారు. చూపించేది ఊళ్ళోవాళ్ళు కాదు, గవరయ్యే. "మా ఇంట్లో ఉన్న తెలివిని నలుగురం సమానంగా పంచుకున్నాం. ఒకరికి ఎక్కువా లేదు, ఇంకొకరికి తక్కువా లేదు" అంటాడు మీసం దువ్వుకుంటూ. ఆ మాట మాత్రం నిజమే. ఎవరికీ ఎక్కువ లేదు.

ఆ నలుగురూ ఎవరంటే గవరయ్య, పెద్దకొడుకు పోతురాజు, వాడి పెళ్ళాం నూకాలు, చిన్నకొడుకు దానయ్య. వానొస్తే గొడుగు తడిసి పాడైపోతుందని దాన్ని చొక్కాలో దాచుకుని, ముద్దగా తడిసి ఇంటికొచ్చే రకం. వచ్చాక గొడుగు తీసి తడుముకుని, "చూశావా, పొడిగానే ఉంది" అని మురిసిపోతారు. ఇలాంటివాళ్ళకి దేవుడు రెండు గేదెల్నిచ్చాడు. ఆ గేదెలకి ఇంకాస్త బుద్ధినిచ్చాడు, లేకపోతే ఆ ఇంట్లో పాలెవరు తీస్తారో, పేడెవరు ఎత్తుతారో తేలేది కాదు.

పిట్టలమెట్టలో ఇంటింటికీ పాడి ఉంది, వీళ్ళ పాలు ఊళ్ళో ఎవరికీ అక్కర్లేదు. మూడు మైళ్ళ దూరంలో సెంటర్లో సన్యాసమ్మ కాఫీ హోటలు ఉంది. ఆవిడొక్కతే కొనేది. పొద్దున్నే ఆ పాలు పొయ్యెక్కితేనే వీళ్ళింట్లో పొయ్యి వెలిగేది. అంచేత వీళ్ళ బతుకంతా ఒక పాత మోటారుసైకిలు మీద, దానికి అటొకటీ ఇటొకటీ వేలాడే రెండు పాల క్యాన్ల మీద నడుస్తోంది.

ఆ బండికి ఒకప్పుడు నడిమి స్టాండు కూడా ఉండేది. "బండి ఒకటే కదా, రెండు స్టాండ్లెందుకు, దండగ" అని గవరయ్య దాన్ని ఊడదీయించి కోళ్ళగూటి కింద పెట్టించాడు. ఇక మిగిలింది పక్క స్టాండు. అది ఒకరోజు తండ్రీ కొడుకులు పాలు తెచ్చి ఆపగానే, సన్యాసమ్మ హోటలు ముందు, తుప్పు పట్టి పట్టి, పుటుక్కున విరిగింది. అంతే. బండి పడింది, క్యాన్ల మూతలు ఎగిరాయి, పాలన్నీ రోడ్డు మీద పారాయి.

సన్యాసమ్మ గరిటె పట్టుకుని బయటికొచ్చింది. "ఒరే పోతురాజూ, పాలు నా గిన్నెలో పొయ్యమన్నాను గానీ రోడ్డుకి అభిషేకం చెయ్యమన్నానా?"

"మేం పొయ్యలేదు పిన్నీ, బండి పోసింది" అన్నాడు పోతురాజు.

"అయితే కాఫీ కూడా బండినే కలపమను. పో, స్టాండు బాగుచేయించుకుని రేపు తగలడు."

తండ్రీ కొడుకులు ముగ్గురూ బండి తోసుకుంటూ మస్తాను షెడ్డుకి వెళ్ళారు. మస్తాను సెంటర్లో మెకానిక్కు. బండి చూసి నవ్వాడు.

"తాతా, దీనికి సరిపడే స్టాండు ఇప్పుడు ఎక్కడా దొరకదు. నా దగ్గర వేరే బండిది ఒకటుంది. పెద్ద బండిది. దీనికంటే నాలుగు వేళ్ళు పొడుగు. సాయంత్రం దాకా ఆగితే కోసి, సరిచేసి, అతికించి బిగిస్తాను."

గవరయ్య అడ్డం వచ్చాడు. "కొయ్యడమా? బంగారంలాంటి కొత్త వస్తువుని కొయ్యడమా? మస్తానూ, పొడుగ్గా ఉంటే లాభమా నష్టమా చెప్పు. పంచె నాలుగు వేళ్ళు ఎక్కువొస్తే ఎవడన్నా చింపి పారేస్తాడా?"

"పంచెకీ స్టాండుకీ పోలికేంటి తాతా? స్టాండు పొడుగైతే బండి దాని మీద ఒరగదు. నిటారుగా నిలబడి కుడివైపుకి పడిపోద్ది."

"నిటారుగా నిలబడితే మంచిదేగా" అన్నాడు దానయ్య. "మనిషి నిటారుగా నిలబడితే మర్యాద అంటారు."

మస్తాను వాళ్ళ మొహాలు ఒకదాని తరవాత ఒకటి చూశాడు. పక్కన ఇంకా నాలుగు బండ్లు ఎదురుచూస్తున్నాయి. "మీ ఇష్టం. అలాగే బిగిస్తాను. కానీ ఒక మాట గుర్తుపెట్టుకోండి. బండి ఎక్కడ ఆపినా స్టాండు కింద నాలుగు వేళ్ళ పల్లం ఉండాలి. పల్లం లేకపోతే బండి నిలబడదు."

"అంతే కదా!" అన్నాడు గవరయ్య.

ఇంటికొచ్చి వాకిట్లో స్టాండు వేశారు. బండి ఒక్క క్షణం పెళ్ళికొడుకులా నిలబడింది. ఆనక కుడివైపుకి వాలి, నూకాలు కడిగి బోర్లించిన గిన్నెల మీద దబ్బున పడింది.

"పల్లం, నాన్నా, పల్లం!" అని అరిచాడు దానయ్య.

ఇంకేముంది, పార తెచ్చారు. వాకిట్లో నాలుగు వేళ్ళ లోతు గొయ్యి తీశారు. స్టాండు అందులో దింపారు. బండి కదలకుండా నిలబడింది. నూకాలు దిష్టి తీసింది. గవరయ్య దారినపోయేవాళ్ళనందరినీ పిలిచి, "చూశారా, మా పల్లం మీద మా బండి" అని చూపించాడు. చూసినవాళ్ళు నోటికి చెంగు అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయారు. సంతోషం పట్టలేక అలా వెళ్తున్నారనుకున్నారు వీళ్ళు.

మర్నాడు పొద్దున్నే అన్నదమ్ములిద్దరూ పాలతో హోటలుకి చేరారు. పోతురాజు దిగి, బండి పట్టుకుని, స్టాండు వెయ్యబోయి, ఆగిపోయాడు. హోటలు ముందు సిమెంటు గచ్చు. పల్లం లేదు.

"తమ్ముడూ, కొంప మునిగింది! పల్లం ఇంటి దగ్గరే మర్చిపోయాం!"

"నేను వెళ్ళి తెస్తానన్నయ్యా. నువ్వు బండి వదలకు."

దానయ్య మూడు మైళ్ళు పరుగెత్తాడు. సన్యాసమ్మ గుమ్మంలోకి వచ్చి చూసింది. పోతురాజు రెండు చేతులతో బండి పట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపల కాఫీ కోసం జనం బల్లలు బాదుతున్నారు.

"ఒరే, నువ్వు బండి పట్టుకునే ఉన్నావు గదా. మా కుర్రాళ్ళని పంపిస్తాను, క్యాన్లు దింపుతారు."

"వద్దు పిన్నీ! బండి నిలబడ్డాకే క్యాన్లు దింపాలని మా నాన్న చెప్పాడు."

"నిలబడే ఉంది గదరా!"

"అది నిలబడలేదు పిన్నీ. నేను నిలబెట్టాను. రెండూ ఒకటేనా?" అని పోతురాజు జాలిగా నవ్వాడు, పాపం, ఈ మాత్రం తెలీదే ఈవిడకి అని.

అక్కడ దానయ్య ఇల్లు చేరి పల్లాన్ని రెండు చేతులతో పట్టుకుని లేపబోయాడు. రాలేదు. చుట్టూ తిరిగి చూశాడు. పట్టుకోవడానికి చెవులు లేవు. ఏడుపు మొహం పెట్టాడు. నూకాలు వచ్చి చూసి, నెత్తి మీద మొట్టింది.

"ఏమయ్యా దానయ్యా, ఆ మాత్రం తోచలేదా? నిన్న ఇక్కడ పల్లం లేదు. ఈ మట్టి బయటికి తీస్తే పల్లం వచ్చింది. అంటే పల్లం ఎక్కడినించి వచ్చినట్టు? మట్టిలోంచి. గుట్టగా పోసిన మట్టి అదిగో, గోనెసంచిలోకి ఎత్తుకుపో!"

"వదినా, నువ్వు లేకపోతే ఈ ఇల్లు ఏమైపోయేది!" అని దానయ్య సంచి నింపి, నెత్తినెట్టుకుని, మళ్ళీ మూడు మైళ్ళు పరుగెత్తాడు.

హోటలు ముందు గచ్చు మీద స్టాండు వచ్చే చోట మట్టి పోశారు. స్టాండు ఇంకా ఎత్తెక్కింది. బండి కుడివైపుకి ఒరిగింది.

"పల్లం చాల్లేదురా, ఇంకొంచెం పొయ్యి" అన్నాడు పోతురాజు.

పోశాడు. ఇంకా ఒరిగింది.

"ఇంకొంచెం!"

"అయిపోయిందన్నయ్యా. పల్లం మొత్తం పోసేశాను."

"అయితే ఇక నిలబడుతుందిలే" అని పోతురాజు చేతులు వదిలేశాడు. అంతే. బండి పడింది. ముందురోజు పాలు రోడ్డు మీద పారాయి, ఈ రోజు మట్టిలో కలిసి బురదయ్యాయి. సన్యాసమ్మ ఆ బురద చూసింది, సంచి చూసింది, అన్నదమ్ముల్ని చూసింది. "గడ్డి తినే గేదెకి పాలు వస్తున్నాయి, అన్నం తినే మీకు ఏమొస్తోందిరా?" అంది.

"మట్టిలో లోపం ఉంది పిన్నీ. రేపు సరిచేస్తాం" అన్నాడు దానయ్య.

ఆ మధ్యాహ్నం ఇంట్లో సభ. నూకాలు క్యాన్లలో నీళ్ళు పోసింది, బండి ఎలా పడుతుందో చూద్దామని. గవరయ్య హుకుం వేశాడు. "దానయ్యా, నువ్వు కుడివైపు నిలబడి బండిని చూస్తూ ఉండు." స్టాండు పల్లం లేని చోట వేశారు. దబ్బుమంది. నీళ్ళన్నీ నూకాలు చీర మీద.

"ఒరే, చూస్తూ ఉండమన్నానుగా!"

"చూశాను నాన్నా, రెప్ప వెయ్యకుండా చూశాను. ముందు అద్దం తగిలింది, తరవాత హ్యాండిలు, ఆనక క్యాను. మధ్యలో నా కాలు కూడా తగిలింది. అది కూడా చూశాను."

"అయితే సరే" అన్నాడు గవరయ్య. చెప్పినట్టు చేసినవాణ్ణి ఏమంటాడు?

మళ్ళీ మస్తాను దగ్గరికి. మస్తాను ఈసారి తలెత్తి కూడా చూడలేదు. "స్టాండు ఎడమవైపు ఉంది. కుడివైపు బరువు తగ్గించుకోండి, ఎడమవైపు ఉంచుకోండి. లేదా స్టాండు నాకిచ్చి పోండి, కోసిస్తాను."

కొయ్యడం అనే మాట వినగానే ముగ్గురూ స్టాండుని పొదివి పట్టుకున్నట్టు బండిని తోసుకుంటూ వచ్చేశారు.

ఇంకేముంది, పానా తీశారు. కుడి అద్దం ఊడదీశారు. కుడివైపు కాలు పెట్టుకునే కడ్డీ ఊడదీశారు. కాలి బ్రేకు కుడివైపే ఉంది, అదీ ఊడదీశారు. చేతి బ్రేకూ కుడివైపే, దాన్నీ ఊడదీశారు.

నూకాలుకి ఒక్క క్షణం అనుమానం వచ్చింది. ఆ ఇంట్లో అనుమానం రావడమే గొప్ప. "మావయ్యా, బ్రేకులు లేకపోతే బండి ఆగదేమో?"

గవరయ్య ఆమెను మెచ్చుకోలుగా చూశాడు. "అదేనమ్మా కిటుకు. ఈ బండి నడుస్తున్నప్పుడు ఎన్నడైనా పడిందా? ఆగినప్పుడే గదా పడుతోంది. ఇక ఆగకపోతే?"

"పడదు!" అన్నారు ముగ్గురూ. ఆ ఒక్క మాటకి నలుగురి కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి.

మూడోరోజు పొద్దున్న సన్యాసమ్మ గుమ్మంలో గిన్నె పెట్టుకుని కూచుంది. బండి వస్తోంది. రెండు క్యాన్లూ ఎడమవైపే. పోతురాజు సగం సీటు మీద, సగం గాలిలో. వెనక దానయ్య, చేతిలో చెంబు. బండి హోటలు ముందునుంచి జుయ్యిమని వెళ్ళిపోయింది.

"ఒరే, ఆగండ్రా!"

"ఆగం పిన్నీ! ఆగితే పడిపోతాం! గిన్నె ఎత్తి పట్టుకో!" అని అరిచాడు దానయ్య.

సెంటరు చుట్టూ తిరిగి మళ్ళీ వచ్చారు. దానయ్య చెంబుతో క్యానులో పాలు ముంచి, వెళ్తూ వెళ్తూ గిన్నెలోకి విసిరాడు. సగం సన్యాసమ్మ మొహాన పడ్డాయి. ఇంకో చుట్టు. ఈసారి ఆవిడ లోపలికి పరుగెత్తింది, పాలు గుమ్మానికి పడ్డాయి. ఇంకో చుట్టు. కాఫీకి వచ్చినవాళ్ళు బల్లలెక్కి చూస్తున్నారు. ఒకాయన, "ఈసారి నా గ్లాసులో వెయ్యరా, పంచదార వేసుకుని కూచున్నాను!" అని కేకేశాడు.

ఏడో చుట్టులో ఒక మేక అడ్డం వచ్చింది. పోతురాజు కాలితో బ్రేకు కోసం వెతికాడు. అది ఇంట్లో గూట్లో ఉందని గుర్తొచ్చింది. హ్యాండిలు పక్కకి తిప్పాడు. బండి తిన్నగా సన్యాసమ్మ హోటల్లోకి వెళ్ళి, బల్లలు దాటి, వంటింట్లో ఇడ్లీపిండి గుండిగకి తగిలి ఆగింది. గుండిగ బోర్లా పడింది. పిండి మీద పోతురాజు, పోతురాజు మీద దానయ్య, దానయ్య మీద రెండు క్యాన్ల పాలు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పిండి మెత్తగా ఉంది.

"ఆగాక కూడా పడలేదు చూశావా అన్నయ్యా" అన్నాడు దానయ్య, బండి గోడకి ఆనుకుని ఉండడం చూసి.

సన్యాసమ్మ ఈసారి అరవలేదు. అందుకే అన్నదమ్ములకి భయం వేసింది. జుట్టులోంచి పాలు పిండుకుంటూ నెమ్మదిగా అంది. "వినండ్రా. రేపొక్క పూట చూస్తాను, ఎందుకంటే పోయిన మీ అమ్మ నాకు తెలుసు. రేపు మీ బండి నా గుమ్మం ముందు నిలబడాలి. ఒక్క చుక్క, ఒక్క చుక్క పాలు నేల మీద ఒలికాయో, మీ పాలూ వద్దు, మీ మొహాలూ వద్దు. ఎల్లుండినించి పక్క ఊరివాడితో పోయించుకుంటాను. మీ గేదెల్ని సంతకి తోలుకోండి."

అన్నదమ్ములు ఒంటినిండా పిండితో, బండి తోసుకుంటూ ఇంటికి నడిచారు. ఎండకి ఆ పిండి అట్టు కట్టింది. విషయం విని గవరయ్య అరుగు మీద కూలబడ్డాడు. గేదెలు పోతే ఇంకేముంది ఆ ఇంట్లో? నూకాలు గేదె మెడ పట్టుకుని ఏడ్చింది. గేదె ఆమె చెంగు నమలడం మొదలుపెట్టింది.

"ముందు ఊడదీసినవన్నీ బిగించండి" అన్నాడు గవరయ్య. బిగించారు. నాలుగు బోల్టులు మిగిలిపోయాయి. బండి నడిచింది కాబట్టి అవి ఎక్కువొచ్చాయని పారేశారు.

"పల్లం మాటేంటి నాన్నా?" అన్నాడు దానయ్య.

"పల్లం మోసుకెళ్ళడం తప్పురా. ఎక్కడి పల్లం అక్కడే ఉండాలి. నువ్వు గునపం పట్టుకుని ముందే వెళ్ళి ఆవిడ గుమ్మం ముందు తవ్వు."

"నాలుగు వేళ్ళేనా?"

"ఇంత జరిగాక నాలుగు వేళ్ళేంటిరా, పిసినారి! మోకాలి లోతు తవ్వు. మర్యాదగా ఉంటుంది."

బండి సంగతి తేలింది. కానీ చుక్క సంగతో? అప్పుడు నూకాలు కళ్ళు తుడుచుకుని, మావగారి ముందుకు వచ్చి, "మావయ్యా, పాలు ఒలక్కుండా నేను చూసుకుంటాను. క్యాన్లు నేనే సర్దుతాను, మూతలు నేనే పెడతాను. ఎవరూ ముట్టుకోకండి. మీకు చెవిలో చెప్తాను" అని గుసగుసలాడింది. గవరయ్య విన్నాడు. తొడ చరుచుకున్నాడు. లేచి నిలబడి, "మన పెద్దాడికి నిన్ను చేసుకోవడంలో నేను చూపించిన తెలివి ఎవడూ చూపించలేడు" అని తనని తనే మెచ్చుకున్నాడు. తరవాత పోతురాజు చెవిలో చెప్పారు. తరవాత దానయ్య చెవిలో. ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని నవ్వుకుంటూ అన్నాలు తిన్నారు.

నాలుగో రోజు తెల్లారేసరికి సెంటరంతా సన్యాసమ్మ హోటలు ముందే ఉంది. మస్తాను కూడా షెడ్డు తెరవకుండా వచ్చి కూచున్నాడు. గుమ్మం ముందు గచ్చు పగిలి మోకాలి లోతు గొయ్యి ఉంది, దాంట్లోంచి దానయ్య బయటికి ఎక్కుతున్నాడు. సన్యాసమ్మ చూసి గుండెలు బాదుకుంది. "నా గచ్చు! ఒరే, నా గచ్చు!"

"గచ్చు సంగతి నిన్న చెప్పలేదు పిన్నీ. చుక్క సంగతే చెప్పావు" అన్నాడు దానయ్య.

బండి వచ్చింది. ముందు పోతురాజు, వెనక గవరయ్య, ఇద్దరి మధ్యా నూకాలు, పట్టుచీర కట్టుకుని. క్యాన్లు అటొకటీ ఇటొకటీ. మూతలకి పసుపు రాసి, దారాలతో ఏడేసి ముళ్ళు వేసి ఉన్నాయి. గవరయ్యా, నూకాలూ దిగారు. పోతురాజు దిగి బండి పట్టుకున్నాడు. జనమంతా ఊపిరి బిగబట్టారు. సన్యాసమ్మ కోపం కూడా కాసేపు ఆగి చూసింది.

పోతురాజు గోతిలోకి స్టాండు దింపి, దండం పెట్టుకుని, చేతులు వదిలేశాడు.

స్టాండు గోతిలో వేలాడింది. అడుగు అందలేదు. అంతకుముందు కుడివైపుకి పడిన బండి ఈసారి ఎడమవైపుకి, ముందుచక్రంతో సహా గోతిలోకి దొర్లింది. క్యాన్లు గచ్చుకి కొట్టుకుని, కొక్కేలు ఊడి, డబడబమని ఒకదాని వెనక ఒకటి రోడ్డు మీద దొర్లుకుంటూ పోయాయి. ఒకటి కాలవ గట్టుకి తగిలి ఆగింది. ఇంకోటి మస్తాను కాళ్ళ దగ్గర ఆగింది.

"అయ్యో, అయిపోయింది" అన్నారు జనం.

కానీ ఆ ఇంటివాళ్ళు నలుగురూ చేతులు పట్టుకుని గంతులేస్తున్నారు. గవరయ్య మీసం తిప్పి రోడ్డంతా చూపించాడు. "చూసుకోమ్మా సన్యాసమ్మా! వంగి చూసుకో! బండి పడింది, క్యాన్లు దొర్లాయి. ఒక్క చుక్క, ఒక్కటంటే ఒక్క చుక్క నేల మీద ఉందేమో చూపించు!"

నిజమే. ఎక్కడా తడి లేదు. సన్యాసమ్మ వంగి మరీ వెతికింది. మస్తాను తన కాళ్ళ దగ్గరి క్యాను ఎత్తాడు. చేతికి దూదిలా తేలిగ్గా తగిలింది. ముడులు తెంపి, మూత తీసి, లోపలికి చూసి, బోర్లించి, అడుగున తట్టాడు.

"ఇందులో పాలేవి?"

"ఉంటే ఒలకవూ?" అంది నూకాలు, ఆ మనిషి అమాయకత్వానికి ముక్కున వేలేసుకుని. "అన్నీ పొద్దున్నే దూడలకి తాగించేశాను. క్యాన్లు రెండుసార్లు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి మరీ తెచ్చాం. రోజూ ఇలాగే జాగ్రత్తగా తెస్తాంలే పిన్నీ, నీకు బెంగక్కర్లేదు."

సన్యాసమ్మ వెనక్కి తిరిగి హోటల్లోకి వెళ్ళి, తలుపు మూలనున్న చీపురు పుచ్చుకుని, కొంగు నడుంకి బిగించి, వాళ్ళ మీదికి వస్తోంది.

దానయ్య చేతులడ్డం పెట్టి, నొచ్చుకుంటూ అన్నాడు. "ఎందుకు పిన్నీ శ్రమ, తుడవడానికి ఏముందని? చుక్క పడలేదుగా!"